నలుపును నలుపుగా చూపే ప్రింటు: పురసవాక్కంలోని ఒక చిన్న ఫొటో ల్యాబ్

గత పద్నాలుగు నెలలుగా చెన్నైలో నా సొంత పనికి సంబంధించిన ప్రింట్లన్నీ ఒకే చోట వేయిస్తున్నాను. పురసవాక్కం హైరోడ్డు నుంచి చీలిన ఒక సందులో, టైలరు అంగడికీ మందుల దుకాణానికీ మధ్య ఇరుక్కున్నట్టుండే ఆ ల్యాబ్ వెడల్పు పది అడుగులు కూడా ఉండదు. యజమాని ఒక్కరే పని చేస్తారు, యంత్రమూ ఒక్కటే. ఇప్పుడు వస్తున్న పని పూర్తయ్యేసరికే రాత్రి ఎనిమిదవుతోందని, దయచేసి పేరు రాయవద్దని ఆయన కోరారు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. అయినా ఈ సమీక్ష రాయాలనిపించడానికి కారణం ఉంది. ఆ ల్యాబ్ చేసే పనిని దగ్గరగా చూసిన తరువాతే, ఒక ల్యాబ్ మంచిదో కాదో తెలుసుకోవడానికి ఏమి అడగాలో, ప్రింటులో ముందుగా ఎక్కడ చూడాలో నాకు తెలిసింది. అది ఏ ఊరిలో ఉన్న ఫొటోగ్రాఫరుకైనా పనికివస్తుంది.

నా అవసరం ఏమిటో ముందు చెప్పాలి. నాకు ఇరవై నాలుగేళ్లు, సొంత ఊరు నాయుడుపేట. వారంలో ఐదు రోజులు వడపళనిలో ఒక పెళ్లి ఫొటోల స్టూడియోలో సహాయకురాలిగా పనిచేస్తాను. ఆదివారాలు చూలై, పట్టాళం, పులియంతోపు వైపు వెళ్లి, అక్కడ తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలోని వృద్ధుల ఫొటోలు తీస్తాను. ఈ పనిని మొదలుపెట్టించింది ఆ ఇళ్లలోని గోడలే. దండ వేసిన ప్రతి ఫొటోలోనూ ముఖం మసకగా, అంచులు చెదిరి ఉండేది. ఎందుకని అడిగితే, మనిషి పోయిన తరువాత రేషన్ కార్డు మీదనో ఓటరు కార్డు మీదనో ఉన్న బొమ్మను పెద్దది చేయించామని చెప్పేవారు. నలభై ఏళ్లు ఈ నగరం వీధులు ఊడ్చిన మనిషికి చివరికి మిగిలినది గుర్తింపు కార్డు కోసం ఎవరో తొందరలో తీసిన బొమ్మ. బతికి ఉండగానే, వారు కూర్చోవాలనుకున్న చోట, కట్టుకోవాలనుకున్న చీరలో ఒక మంచి ఫొటో తీసి, ప్రింటు వేయించి చేతికి ఇవ్వాలన్నది నా సంకల్పం. ఫోనులో చూపిస్తే వారు చూసి నవ్వుతారు గానీ, ఫొటో ఇచ్చినట్టు కాదు. అందువల్ల నా పనిలో సగం కెమెరాతో జరిగితే, మిగతా సగం ల్యాబ్‌లో జరుగుతుంది.

మొదటి నలభై ప్రింట్లు నగరంలోనే వేరొక చోట వేయించాను, దాని పేరు అనవసరం. గంటలో ఇచ్చారు, కాగితం మంచిదే, కత్తిరింపు శుభ్రంగా ఉంది. అవి తీసుకుని సంతోషంగా పట్టాళం వెళ్లాను. డెబ్బయ్యేళ్లు దాటిన ఒక అవ్వ తన ప్రింటును కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి, దూరంగా పెట్టి ఒకసారి, దగ్గరగా పెట్టి ఒకసారి చూసి, “ఎవురు పాపా ఈమె? నా కోక కట్టుకోనుండాదే!” అని అడిగింది. ఆమె హాస్యానికి అన్నదనుకున్నాను. కాదు, నిజంగానే అడిగింది. చీర రంగు ఆమెదే, ముక్కుపుడక ఆమెదే, కానీ ముఖం మాత్రం పిండి చల్లినట్టు బూడిదరంగులో ఉంది. బుగ్గ మీది ముడతలు, కణత దగ్గర పచ్చబొట్టు చుక్కలు కనిపించకుండా పోయాయి. ఆమె ప్రింటును నా చేతిలో పెడుతూ, “నలుపు నారాయణుడు మెచ్చు అంటారే, మీ అంగడాయన మెచ్చలేదా?” అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. మిగిలిన ముప్పై తొమ్మిదింటిని ఎవరికీ ఇవ్వకుండా వెనక్కి తెచ్చేశాను.

ఆ రాత్రి నా ఫైళ్లు మళ్లీ తెరిచి చూస్తే తప్పు రెండు చోట్ల ఉందని తెలిసింది. ఒకటి నాది. కెమెరాలోని లైట్ మీటరు తన ఎదుట ఉన్న దృశ్యమంతా సగటున మధ్యస్థమైన బూడిదరంగు అనుకుని లెక్క వేస్తుంది. ఫొటోగ్రఫీ పాఠాలలో 18 శాతం బూడిదరంగు అని చెప్పేది దీనినే. నల్లని ముఖం ఫ్రేము నిండా ఉంటే, వెలుతురు చాలలేదని భ్రమపడి ఎక్స్‌పోజరు పెంచుతుంది. దానిని నేను మూడింట రెండు వంతుల స్టాపు (వెలుతురు సగానికి తగ్గితే ఒక స్టాపు తగ్గినట్టు) తగ్గించి ఉండవలసింది. రెండవ తప్పు ప్రింటు వేసే యంత్రానిది. ఆ యంత్రాలలోని ఆటో కరెక్షన్ కూడా దాదాపు ఇదే లెక్క వేసి, నల్లని ముఖాన్ని చీకట్లో తీసిన ఫొటోగా భావించి మళ్లీ ఒకసారి తెల్లబరుస్తుంది. అంటే ఆ అవ్వ ముఖానికి రెండుసార్లు సున్నం వేసినట్టయింది.

ఇది కేవలం యంత్రం అమాయకత్వం కాదని కూడా చెప్పాలి. రంగుల ఫొటోల ల్యాబ్‌లు తమ యంత్రాలను సరిచూసుకోవడానికి కొడాక్ సంస్థ పంపే కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. మొదట ఆ కార్డు మీద కనిపించిన స్త్రీ పేరుతో వాటిని షెర్లీ కార్డులు అనేవారు. ఆమె చర్మం రంగు సరిగా వస్తే యంత్రం సరిగా ఉన్నట్టు లెక్క. వేర్వేరు చర్మపు రంగులవారిని ఒకే కార్డు మీద చూపించడం 1990లలో గానీ రాలేదు. మన దగ్గర దీనికి మన కోరిక కూడా తోడయింది. పెళ్లి ఆల్బమ్‌లలో పెళ్లికూతురి ముఖం ఒక రంగు, చేతులు ఇంకొక రంగు ఉండడం చూడని వారుండరు. చామనచాయ పిల్లను పసిమి రంగుకు మార్చమని అడిగే కుటుంబాలను నేను వారం వారం చూస్తాను, అడిగినట్టే మార్చి ఇస్తాను, అది నా జీతం. ఆదివారం పనిలో మాత్రం ఆ అబద్ధం ఉండకూడదనుకున్నాను.

పురసవాక్కం ల్యాబ్ గురించి ఒక ఫ్రేములు కట్టే ఆయన చెప్పారు. మొదటిసారి వెళ్లినప్పుడు యజమాని నా పెన్‌డ్రైవు తీసుకుని, ఏ సైజు, ఎన్ని కాపీలు అని అడగలేదు. “ఈమె అసలు రంగు ఎట్లా ఉంటుందమ్మా?” అని తమిళ యాసతో కూడిన తెలుగులో అడిగారు. నా దగ్గర జవాబు మాటల్లో లేదు. చుట్టూ చూసి, పక్క టీ అంగడి ముందు నిలబడిన ఒక పెద్దాయనను చూపించి, దాదాపు ఆయన రంగే, కొంచెం ఎరుపు తక్కువ అన్నాను. యజమాని తలూపి, ఆటో కరెక్షన్ ఆపేసి, ముఖం ఉన్న భాగం మాత్రం ఒక చిన్న పట్టీగా, ఐదు రకాలుగా ప్రింటు వేశారు. ఇటువంటి యంత్రాలలో సయాన్ (నీలి ఆకుపచ్చ), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, డెన్సిటీ (ప్రింటు ముదురుదనం) అని నాలుగు మీటలుంటాయి, ఒక్కొక్కటి మెట్టు మెట్టుగా పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఐదు ముఖాలను పట్టుకుని ఇద్దరమూ సందులోకి, ఎండ నేరుగా పడని చోటికి వెళ్లి చూశాము. ట్యూబులైటు కింద నాకు రెండవది నచ్చింది. బయటి వెలుతురులో అదే ముఖం ఆకుపచ్చ ఛాయతో జబ్బు మనిషిలా కనిపించింది. నాలుగవదే సరైనదని చూడగానే తెలిసింది. సయాన్ ఒక మెట్టు తగ్గించి, పసుపు ఒక మెట్టు, డెన్సిటీ రెండు మెట్లు పెంచినది అది. బుగ్గ ఎముక మీద కిటికీ వెలుతురు నూనె రాసినట్టు మెరుస్తోంది, దాని కింద చర్మం వేపచెక్క రంగులో నిండుగా ఉంది, పచ్చబొట్టు చుక్కలు మూడూ లెక్కపెట్టవచ్చు. ఆయన ఒక పొడవాటి నోటు పుస్తకం తీసి, ఫైలు నంబరు, ఆ నాలుగు అంకెలు, పక్కన తమిళంలో “పాటి” (అవ్వ) అని రాసుకున్నారు.

ఈ ల్యాబ్‌లో వాడేది ఇంకు యంత్రం కాదు. వెలుతురుకు స్పందించే వెండి లవణాల పొర ఉన్న కాగితం మీద లేజరుతో బొమ్మను వేసి, ఆర్‌ఏ-4 అనే పద్ధతిలో రసాయనాలలో కడిగి ఆరబెట్టే పాత రకం మినీల్యాబ్. బొమ్మను తేల్చే రసాయనమైన డెవలపరు ఉష్ణోగ్రత 35 నుంచి 38 డిగ్రీల మధ్య స్థిరంగా ఉండాలి; ఆ తరువాత రెండవ రసాయనమైన బ్లీచ్-ఫిక్స్‌లో వెండి కరిగిపోయి, కాగితంలో రంగులు మాత్రమే మిగులుతాయి. రోజుకు తగినన్ని ప్రింట్లు పడకపోతే డెవలపరు గాలికి పాడై రంగులు జారిపోవడం మొదలవుతుంది. చాలా అంగళ్లు ఈ యంత్రాలను వదిలి ఇంకు యంత్రాలకు మారడానికి ఇది ఒక కారణం. ఈయన దానిని మరో రకంగా గట్టెక్కుతున్నారు. వచ్చిన పనినంతా పోగుచేసి, మంగళ, గురు, శనివారాలలో మాత్రమే యంత్రం నడుపుతారు. నడిపే ప్రతి రోజూ ఉదయం ఒక కంట్రోల్ స్ట్రిప్ అనే పరీక్ష పట్టీని కడిగి, దాని ముదురుదనాన్ని డెన్సిటోమీటరు అనే పరికరంతో కొలిచి, ఆ అంకెలు గోడకు అంటించిన గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెడతారు. ఏ ల్యాబ్‌కు వెళ్లినా నేను ఇప్పుడు మొదట ఆ గ్రాఫు కోసమే చూస్తాను. అడిగినప్పుడు చూపించగలిగితే ఆ ల్యాబ్‌ను సగం నమ్మవచ్చు.

కాగితం విషయంలో ఆయన మాట విననందుకు నేను ఒకసారి నష్టపోయాను. మెరుపు కాగితం మీద నలుపులు లోతుగా వస్తాయని పన్నెండు ప్రింట్లు దానిమీదే వేయించి, ఫ్రేము అద్దానికి ఆనించి బిగించి ఇచ్చాను. రెండు ఐప్పసి వానలకు, అంటే మన ఆశ్వయుజ కార్తీకాల ఈశాన్య రుతుపవనాలకు, వాటిలో మూడు అద్దానికి అంటుకుపోయాయి. తీయబోతే రంగుపొర లేచి వచ్చింది. చెన్నై గాలిలో తేమకు మెరుపు కాగితం అద్దానికి తగలకూడదు. ఇప్పుడు లస్టర్ కాగితం తీసుకుంటున్నాను. దానికి సన్నని గరుకు ఉంటుంది, వేలిముద్రలు కనపడవు, నలుపు ఒక పిసరు తగ్గినా ముఖంలోని వివరం తగ్గదు. ఫ్రేములో అద్దానికీ ప్రింటుకూ మధ్య మౌంటు బోర్డు కిటికీ ఒకటి కత్తిరించి పెట్టిస్తారు. ఆ ఒక్క అట్టముక్క వల్ల ఖర్చు 80 రూపాయలు పెరుగుతుంది, ప్రింటు మాత్రం బతుకుతుంది.

పోయిన వారి ఫొటోలు పెద్దవి చేయించే పని కూడా ఇక్కడ చేస్తారు, అందులో ఆయన నిజాయితీ నాకు బాగా నచ్చింది. 35×45 మిల్లీమీటర్ల పాస్‌పోర్టు ఫొటోను 1200 డీపీఐ (అంగుళానికి 1200 చుక్కలు) దగ్గర స్కాన్ చేస్తే సుమారు 1650×2125 చుక్కలు వస్తాయి. లెక్క ప్రకారం 5×7 అంగుళాల ప్రింటుకు అవి సరిపోవాలి, ఎందుకంటే 300 డీపీఐ దగ్గర దానికి కావలసినవి 1500×2100. కానీ ఆ చిన్న కాగితంలో మొదటే లేని వివరం స్కాన్ చేసినంత మాత్రాన పుట్టదు. ఈమధ్య కొన్ని చోట్ల సాఫ్ట్‌వేరుతో కనురెప్పలు, పెదవులు కొత్తగా గీయించి ఇస్తున్నారు. ముఖం పదునుగానే ఉంటుంది, మనిషి మాత్రం వేరొకరవుతారు. పులియంతోపు నుంచి నేను తీసుకువెళ్లిన ఒక తాతగారి ఓటరు కార్డు బొమ్మకు యజమాని 12×18 వేయడానికి ఒప్పుకోలేదు. 5×7 వేసి, చుట్టూ వెడల్పైన తెల్లని మౌంటు పెట్టి, పెద్ద ఫ్రేములో కట్టి ఇచ్చారు. గోడ మీద అది నిండుగానే కనిపిస్తోంది, ఆ ముఖమూ తాతగారిదే.

ఇబ్బందులు లేవని చెప్పలేను. అత్యవసరమైతే ఇక్కడికి వెళ్లవద్దు. సోమవారం ఇచ్చిన పని గురువారం దాకా రాకపోవచ్చు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా తలుపు వేసి ఉంటుంది, ఫోను ఎత్తరు. ఫైళ్లను ఇంటర్నెట్‌లో పంపే ఏర్పాటు లేదు, పెన్‌డ్రైవుతో స్వయంగా వెళ్లవలసిందే. కత్తిరింపు చేత్తో చేయడం వల్ల ఒకసారి నా ఆరు ప్రింట్లలో తెల్లని అంచు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ వచ్చింది; చూపించగానే డబ్బు తీసుకోకుండా మళ్లీ వేశారు గానీ, ఒక వారం ఆలస్యమయింది. పన్నెండు అంగుళాలకు మించిన వెడల్పు కాగితం ఆ యంత్రంలో పట్టదు. నూలు కాగితం మీద ప్రదర్శన కోసం పెద్ద ప్రింట్లు కావాలంటే పిగ్మెంట్ ఇంకు యంత్రాలున్న మరో చోటికి వెళ్లాలి, ఖర్చు నాలుగింతలు అవుతుంది.

ఇంకొక చిన్న లోటు నన్ను నిజంగా బాధపెట్టింది. ప్రింటు వెనుక ఆ మనిషి పేరు, ఊరు, తేదీ ఉండాలని నా కోరిక. ఈ కాగితం వెనుక ప్లాస్టిక్ పూత ఉంటుంది, మామూలు పెన్నుతో రాస్తే సిరా గంటల తరబడి ఆరక, పక్క ప్రింటు మీదికి అంటుకుంటుంది. యంత్రం వెనుకవైపు ఒక వరుస తనంతట తాను అచ్చు వేస్తుంది గానీ దానికి ఇంగ్లీషు అక్షరాలే వచ్చు. చివరికి ఆయనే ఒక ఉపాయం చెప్పారు. పేరు విడిగా ఒక కాగితం మీద రాసి, ఫ్రేము వెనుక అట్టకు అంటించడం. ఆ కాగితం మీద నేను తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి రాస్తున్నాను, ఎందుకంటే ఆ ఇళ్లలో తెలుగు మాట్లాడని వారు లేరు, తెలుగు చదవగలిగే పిల్లలు మాత్రం దాదాపు లేరు. తమిళ వరుసను తప్పుల్లేకుండా దిద్దిపెట్టేది కూడా ఆయనే.

ధరలు చెప్పాలంటే, 4×6 ప్రింటు 15 రూపాయలు, 8×12 అయితే 120, 12×18 అయితే 260. రంగులు సరిచేసే పట్టీలకు విడిగా తీసుకోరు. గంటలో ఇచ్చే చోట్లతో పోలిస్తే ఇది కొంచెం ఎక్కువే, కానీ నా మొదటి నలభై ప్రింట్లకు పెట్టిన డబ్బంతా వృథా అయిన సంగతి గుర్తొస్తే నాకు ఎక్కువ అనిపించదు. వడపళని నుంచి ఆకుపచ్చ మార్గపు మెట్రోలో నెహ్రూ పార్కు స్టేషన్‌లో దిగి ఆటోలో వెళ్తాను. ఫైళ్లు జేపెగ్‌లో, ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలో ఉండాలి. కెమెరాలో అడోబ్ ఆర్‌జీబీ అనే ఇంకా విస్తృతమైన రంగుల పద్ధతి పెట్టుకున్న వారు మార్చకుండా తీసుకువెళ్తే ప్రింటు పాలిపోయి వస్తుంది. ఫోనుతో తీసిన ఫొటో సాధారణంగా 4:3 కొలతలో ఉంటుంది, 4×6 కాగితం 3:2 కొలతది కాబట్టి అడ్డంగా తీసినదైతే పైనో కిందో, నిలువుగా తీసినదైతే పక్కలనో తెగుతుంది. ఎక్కడ తెగాలో మీరే నిర్ణయించుకుని వెళ్లడం మంచిది.

ఆ అవ్వకు రెండవసారి ప్రింటు తీసుకువెళ్లిన రోజు వాన. పట్టాళం సందులలో మోకాలి కింది దాకా నీళ్లు. 8×12 ప్రింటును రెండు అట్టల మధ్య పెట్టి, పాలిథిన్ సంచిలో చుట్టి, నెత్తి మీద పెట్టుకుని నడిచాను. ఆమె చేతులు తుడుచుకుని అందుకుంది. మళ్లీ కిటికీ దగ్గరికే వెళ్లింది. ఈసారి దూరంగా పెట్టి చూడలేదు, బొటనవేలితో ఫొటోలోని బుగ్గ మీద ఒకసారి, తన బుగ్గ మీద ఒకసారి రుద్దుకుని, “మా యమ్మ మాదిరి ఉండాను పాపా” అంది. వాళ్లమ్మ ఫొటో ఆ ఇంట్లో లేదు, ఎక్కడా లేదు.

రెండు నెలల తరువాత, గూడూరులో ఉన్న చెల్లెలికి పంపాలని ఇంకొక కాపీ అడిగింది. నేను పెన్‌డ్రైవు తీసుకుని వెళ్లేసరికి యజమాని నోటు పుస్తకం తిరగేసి, “పాటి”కి ఎదురుగా ఉన్న నాలుగు అంకెలు చూసి యంత్రానికి ఇచ్చారు. బయటికి వచ్చిన ప్రింటును నా ఫోనులో ఉన్న మొదటి ప్రింటు ఫొటోతో కాకుండా, సందులో నిలబడి, పట్టీలోని నాలుగవ ముఖంతో పోల్చి చూశారు. ఆ పట్టీని కూడా ఆయన దాచి ఉంచారు. రెండూ ఒకటే రంగు.